ప్రాచీన గేయలిపి పఠనం: 'సి' క్లెఫ్, తెలుగు పదాల రాగశీర్షిక

వ్యాస సంగ్రహం

పాశ్చాత్య గాత్రసంగీతపు పాత ప్రతులలో గీతల మొదట కనిపించే 'సి' క్లెఫ్ ఏం చెబుతుంది, ఏం చెప్పదు అన్నది ఈ వ్యాసానికి ప్రస్థానబిందువు. స్వరాన్ని ఎంత ఎత్తున పలకాలో చెప్పే గుర్తుగా దాన్ని సాధారణంగా భావిస్తారు. పుట్టుకలో అది ఏ రెండు స్వరాల మధ్య ఎడం తక్కువో చూపే గుర్తు. తెలుగు పదసాహిత్యంలో ఆ పనిని పదం తలపై ఉన్న రాగనామం చేస్తుంది. అయితే రాగనామాల అర్థం శతాబ్దాలలో మారింది. కాబట్టి రాగశీర్షికను అలంకారంగా కాక పాఠంలో భాగంగా పరిష్కర్తలు గుర్తించవలసి ఉందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: క్లెఫ్, స్వరలిపి, రాగశీర్షిక, మేళం, కటపయాది, ముఖారి, పాఠపరిష్కరణ, సింహగిరి వచనాలు.

1. ఉపోద్ఘాతం

విశాఖపట్నంలో తెలుగు క్రైస్తవ ఆరాధనకు రెండు వందల ఏళ్లకు పైబడిన చరిత్ర ఉంది. లండన్ మిషనరీ సొసైటీ పంపిన జార్జి క్రాన్, అగస్టస్ దే గ్రాంజ్ 1805లో ఈ పట్టణానికి చేరి, ఇక్కడే బైబిలు తెలుగు అనువాదానికి పూనుకున్నారు. నేటికీ ఇక్కడి ఆలయాలలో వినియోగించే కీర్తనల పుస్తకాన్ని తెరిస్తే శీర్షికలు రెండు తీరులుగా కనిపిస్తాయి. పురుషోత్తమ చౌదరి వంటి 19వ శతాబ్ది కవుల కీర్తనలకు పైన రాగం పేరు, తాళం పేరు ఉంటాయి. ఇంగ్లీషు గీతాలకు అనువాదాలైన వాటికి మూలబాణీని గుర్తుచేసే మాటో, పాదానికి ఇన్ని అక్షరాలని చెప్పే అంకెలో ఉంటాయి. రెండింటిలోనూ స్వరాలు ఉండవు. అయినా ఎవరూ తడబడరు. శీర్షిక చూసి పాట ఎత్తుకుంటారు.

ఇదే నగరపు అంచున సింహాచలం ఉంది. సింహాచల నృసింహస్వామిని సంబోధిస్తూ కృష్ణమాచార్యులు చెప్పిన సింహగిరి వచనాలను తెలుగు వచన వాఙ్మయంలో తొలి రచనలలో ఒకటిగా సాహిత్య చరిత్రకారులు లెక్కిస్తారు. వాటి తలపై రాగమూ లేదు, తాళమూ లేదు. అవి పాడినవా, చదివినవా, రెండింటికీ నడుమ మరేదో తీరులో పలికినవా అన్న చర్చ అందువల్లనే తెగలేదు.

శీర్షిక ఉన్నచోట పాట నిలిచింది, లేనిచోట ప్రశ్న మిగిలింది. గేయరచనలో పాఠానికి వెలుపల, పాఠం కన్నా ముందు కనిపించే ఈ చిన్న గుర్తు చేసే పని ఎంతటిదో తెలుసుకోవడానికి, అలాంటి గుర్తునే ఎంతో శ్రద్ధగా అభివృద్ధి చేసుకున్న మరొక సంప్రదాయాన్ని ముందుగా చూడడం ఉపకరిస్తుంది.

2. క్లెఫ్: పుట్టుక, ప్రయోజనం

ఫ్రెంచి భాషలో క్లెఫ్ అంటే తాళంచెవి. తెలుగులో 'తాళం' సంగీతానికీ ఇనుప తలుపుకూ కూడా చెందిన మాట కావడం యాదృచ్ఛికమే అయినా, ఇక్కడ ఆ పోలిక చక్కగా అమరుతుంది. గీతల మీద గుర్తులు పెట్టి రాగాన్ని రాసే పద్ధతిలో, ఏ గీత ఏ స్వరానిదో చెప్పేవరకు ఆ గుర్తులన్నీ మూసిన తలుపులే.

11వ శతాబ్దంలో ఇటలీకి చెందిన గ్విడో అనే సన్యాసి ఆరెజ్జో నగరంలో బాలగాయకులకు పాటలు నేర్పేవాడు. ఒక్కొక్క పాటను గురువు నోట విని కంఠస్థం చేయడానికి సంవత్సరాలు పట్టేది. చూసి పాడగలిగే పద్ధతి కోసం ఆయన గీతల మీద స్వరాలను అమర్చాడు. వాటిలో రెండు గీతలకు రంగు వేశాడు. 'ఎఫ్' స్వరం గీతకు ఎరుపు, 'సి' స్వరం గీతకు పసుపు. గీత మొదట ఆ అక్షరాలను కూడా రాసేవారు. తరువాతి లేఖకుల చేతుల్లో ఆ అక్షరాలే వంపులు తిరిగి, నేడు 'ఎఫ్' క్లెఫ్, 'సి' క్లెఫ్ అని పిలిచే ఆకృతులయ్యాయి. 'జి' క్లెఫ్ వాడుక వాటి తరువాత బలపడింది.

ఏడు స్వరాలుండగా ఆ రెండింటినే ఎందుకు ఎంచుకున్నాడన్నది అసలు ప్రశ్న. కర్ణాటక సంగీత పరిభాషలో చెబితే సమాధానం సులువుగా అందుతుంది. పాశ్చాత్యుల 'సి'ని షడ్జంగా తీసుకుంటే వారి ఏడు స్వరాలు స్థూలంగా శంకరాభరణపు మెట్లు. అందులో 'ఎఫ్' మధ్యమం, 'సి' షడ్జం. ఆ మెట్లలో గాంధారం నుంచి మధ్యమానికి, నిషాదం నుంచి షడ్జానికి మాత్రమే అరమెట్టు దూరం. మిగిలినవన్నీ నిండుమెట్లు. అంటే గ్విడో రంగు వేసినవి ఏ గీతల కింద ఎడం ఇరుకుగా ఉంటుందో ఆ గీతలు. గాయకుని గొంతు జారిపోయే చోటు అదే కనుక హెచ్చరిక అక్కడే అవసరమైంది.

దీన్నిబట్టి క్లెఫ్ తొలి ప్రయోజనం ఏమిటో తేటపడుతుంది. ఆనాడు స్వరాల ఎత్తును కొలిచే సర్వసమ్మతమైన ప్రమాణం ఏదీ లేదు. క్లెఫ్ చెప్పినది 'ఎంత ఎత్తు' అన్న విషయం కాదు, 'దేనికి దేనితో ఎంత దూరం' అన్న విషయం. విశాఖ రేవుకు వచ్చే నావికుడు వాడే సముద్రపటం మీద లోతుల అంకెలు దట్టంగా ఉంటాయి. అవి ఆటువేళ నీరు బాగా తీసిన మట్టాన్ని సున్నగా ఉంచుకుని వేసిన అంకెలు. ఒడ్డున కొండ ఎత్తును చెప్పే సర్వే పటానికి సున్న వేరు, అది సగటు సముద్రమట్టం. ఏ సున్న నుంచి కొలిచారో తెలియకుండా రెండు పటాల అంకెలను కలిపి చదివితే ఓడ అడుగు నేలకు తగులుతుంది. క్లెఫ్ చూడకుండా స్వరాన్ని చదవడమూ అటువంటిదే.

3. కదిలే 'సి' క్లెఫ్

నేడు పియానో నేర్చుకునేవారికి రెండు క్లెఫ్‌లు చాలు, రెండూ స్థిరంగా ఒకేచోట ఉంటాయి. పాత గాత్రసంగీతంలో 'సి' క్లెఫ్ స్థిరం కాదు, అయిదు గీతలలో అవసరమైన గీత మీదికి కదిలేది. అడుగు గీత మీద ఉంటే సొప్రానో క్లెఫ్, రెండో గీత మీద మెజో సొప్రానో, మూడో గీత మీద ఆల్టో, నాలుగో గీత మీద టెనర్. క్లెఫ్ కదిలినా 'సి' అన్న స్వరం మారదు, దాని చుట్టూ కిటికీ మాత్రమే కిందికో మీదికో జరుగుతుంది. ఒక్కొక్క గాయకవర్గం గొంతు పరిధి ఆ అయిదు గీతలలో సరిగ్గా ఇమిడేలా కిటికీని అమర్చడం దాని ఉద్దేశం. గీతల వెలుపల అదనపు గీతలు గీయనక్కరలేదు. సీసపు అచ్చులతో ముద్రించే రోజులలో ఇది చిన్న సౌకర్యం కాదు. వీటిలో ఆల్టో క్లెఫ్ నేటికీ వయోలా వాద్యకారుల పుస్తకాలలో బ్రతికి ఉంది. సొప్రానో క్లెఫ్ మాత్రం పాత ప్రతులు చదివే పరిశోధకులకే పరిమితమైంది.

16వ శతాబ్దపు బృందగానాల ప్రతులలో దీనికి సంబంధించి ఒక విశేషం ఉంది. నాలుగు గొంతుల పాటలకు సాధారణంగా వాడిన క్లెఫ్‌ల కూటమి ఒకటి. దానితో పాటు ప్రతి గొంతుకూ క్లెఫ్ ఒక స్థానం దిగువన ఉండే మరొక కూటమి కనిపిస్తుంది. క్లెఫ్ కిందికి జరిగితే కిటికీలో కనిపించే స్వరాలు మీదివవుతాయి. కాబట్టి ఆ పాటలు కాగితం మీద బాగా ఎత్తుగా కనిపిస్తాయి. వీటిని ఎత్తు క్లెఫ్‌లనీ, ఇటాలియన్‌లో 'చిన్న తాళంచెవులు' అనే అర్థంలో కియవెట్టె అనీ అంటారు. పాలెస్త్రీనా రచనలలో ఈ తీరువి చాలా ఉన్నాయి. వాటిని రాసిన ఎత్తులోనే పాడాలని ప్రయత్నిస్తే పై గొంతులు బిగుసుకుపోతాయి. జర్మన్ శాస్త్రకారుడు మికాయేల్ ప్రెటోరియస్ 1619లో ప్రచురించిన గ్రంథభాగంలో ఈ సంగతి స్పష్టంగానే చెప్పాడు: ఎత్తు క్లెఫ్‌లు కనిపిస్తే పాటను నాలుగు లేదా అయిదు స్వరాల మేర దించి పాడాలి.

అంటే క్లెఫ్ ఉన్నా, దాని కూటమి ఏమిటో గమనించకపోతే పఠనం పూర్తి కాదు. అచ్చులో ఉన్న స్వరమూ గొంతులో పలికిన స్వరమూ ఒకటి కావన్న సంగతి ఆనాటి గాయకులకు చెప్పనక్కరలేకుండా తెలుసు. తెలుగుదేశంలో పాటకచేరీకి వెళ్లే సామాన్య శ్రోతకు కూడా ఇందులో వింత లేదు. ఒకే కీర్తనను ఒక విద్వాంసుడు ఒకటిన్నర శ్రుతిలో, ఒక విదుషి అయిదు శ్రుతిలో పాడితే అది రెండు కీర్తనలు కాదు. వింతపడవలసినది పాశ్చాత్యుల స్వరలిపి స్థిరమైన ఎత్తును సూచిస్తుందనీ, మనది సూచించదనీ పాఠ్యపుస్తకాలు చేసే తేలిక వర్గీకరణను చూసి. నాలుగు వందల ఏళ్ల కిందట ఆ తేడా అంత గట్టిది కాదు.

ఈ విషయంలో పరిష్కర్తలు ఏం చేశారన్నది తెలుగు పరిశోధకులకు మరింత ఉపయోగకరం. పాత బృందగానాలను నేటి పాఠకుల కోసం ప్రచురించేటప్పుడు క్లెఫ్‌లన్నింటినీ తెలిసిన రెండింటిలోకి మార్చక తప్పదు. అయితే మంచి పరిష్కరణలలో పాట మొదలయ్యే ముందు, ఒక చిన్న గీతల ముక్క మీద మూలప్రతిలోని క్లెఫ్‌ను, మొదటి స్వరాన్ని యథాతథంగా చూపుతారు. అంగుళం చోటు కూడా పట్టదు. మార్పు చేసినది పరిష్కర్త అని, మూలంలో ఇలా ఉండేదని ఆ అంగుళమే చెబుతుంది.

4. తెలుగు స్వరలిపిలో 'రి'

తెలుగులో స్వరలిపితో కూడిన సంగీత గ్రంథాల ముద్రణ 19వ శతాబ్దం చివరి భాగంలో ఊపందుకుంది. మదరాసులో తచ్చూరు సింగరాచార్య సోదరులు గాయక సిద్ధాంజనం, గానేందుశేఖరం వంటి గ్రంథాలను తెలుగు లిపిలో వరుసగా తెచ్చారు. 1893లో ఎ.ఎం. చిన్నస్వామి ముదలియారు కర్ణాటక కీర్తనలను అయిదు గీతల పాశ్చాత్య లిపిలోకి ఎక్కించి ప్రచురించారు. ఆయన ప్రోద్బలం కూడా తోడై సుబ్బరామ దీక్షితులు రూపొందించిన సంగీత సంప్రదాయ ప్రదర్శిని 1904లో ఎట్టయపురంలో వెలువడింది. తమిళదేశపు సంస్థానంలో అచ్చయినా ఆ గ్రంథం భాష, లిపి తెలుగే.

ఈ గ్రంథాలు వాడిన లిపిలో గీతలు లేవు, స్వరాక్షరాలే ఉన్నాయి. స, రి, గ, మ, ప, ద, ని. హ్రస్వమైతే ఒక అక్షరకాలం, దీర్ఘమైతే రెండు. పైన చుక్క పెడితే తారస్థాయి, కింద చుక్క పెడితే మంద్రస్థాయి. చూడడానికి క్లెఫ్ అవసరమే లేని లిపిగా తోస్తుంది, ఎందుకంటే ప్రతి గుర్తూ తన పేరు తానే చెప్పుకుంటోంది. ఇక్కడే చిక్కు మొదలవుతుంది.

రిషభంలో మూడు రకాలున్నాయి, గాంధారంలో మూడు, మధ్యమంలో రెండు, ధైవతంలో మూడు, నిషాదంలో మూడు. ఈ భేదాలను అక్షరంలోనే చూపడానికి 17వ శతాబ్దంలో వేంకటమఖి చతుర్దండి ప్రకాశికలో ఒక ముచ్చటైన ఏర్పాటు కనిపిస్తుంది. ర, రి, రు అంటే వరుసగా కింది నుంచి మీదికి మూడు రిషభాలు. గ, గి, గు మూడు గాంధారాలు. మ, మి రెండు మధ్యమాలు. ధ, ధి, ధు. న, ని, ను. అచ్చు మారితే స్వరస్థానం మారుతుంది. శాస్త్రగ్రంథానికి ఇది సరిపోయింది. కానీ పాటను రాసేవారికి అచ్చు మరొక పనికి కావలసి వచ్చింది. రి, రీ అన్న భేదంతో కాలాన్ని చూపాలి. ఒకే గుణింతపు గుర్తు రెండు పనులు చేయలేదు. చివరకు కాలమే గెలిచింది, స్వరస్థానం లిపిలో నుంచి తప్పుకుంది.

దాని ఫలితం సరళీ స్వరాలలోనే కనిపిస్తుంది. మాయామాళవగౌళలో 'స రి గ మ' అని పిల్లలు నేర్చుకుంటారు. ఆ 'రి' శుద్ధ రిషభం, వేంకటమఖి సంకేతంలో అది 'ర'. ఆ 'గ' అంతర గాంధారం, ఆ సంకేతంలో అది 'గు'. పాఠంలో 'రి' అని ఉన్నచోట శాస్త్రం 'ర' అంటుంది, పాఠంలో 'గ' అని ఉన్నచోట శాస్త్రం 'గు' అంటుంది. రెండూ తప్పు కాదు, రెండు వేర్వేరు సంకేత వ్యవస్థలు. అదే 'స రి గ మ' కల్యాణి శీర్షిక కింద ఉంటే, షడ్జం తప్ప మిగిలిన మూడు స్వరాలలో రిషభమూ మధ్యమమూ స్థానం మార్చుకుంటాయి. అక్షరాలు ఒక్కటి కూడా మారవు.

కాబట్టి తెలుగు స్వరలిపికి క్లెఫ్ లేదన్న మాట సరికాదు. అది గీత మొదట కాక పుట తలపై ఉంది. దాని పేరు రాగం. పాశ్చాత్య 'సి' క్లెఫ్ తొలినాడు చేసిన పనినే, అంటే ఏ స్వరానికి ఏ స్వరంతో ఎంత ఎడమో చెప్పే పనినే, ఇదీ చేస్తుంది. అంతకన్నా ఎక్కువే చేస్తుంది, ఎందుకంటే రాగనామం విన్న గాయకునికి మెట్లతో పాటు గమకమూ సంచారమూ కూడా స్ఫురిస్తాయి. ఎత్తు సంగతి మాత్రం దీనికీ పట్టదు.

సంకేతం నిలిచి తాళంచెవి పోతే ఏమవుతుందో చూపే సాక్ష్యం పొరుగునే ఉంది. తమిళనాడులోని పుదుక్కోట్టై ప్రాంతపు కుడుమియామలై శిలాశాసనం 7వ శతాబ్దం నాటిదని పండితులు సాధారణంగా అంగీకరిస్తారు. అందులో స్వరాక్షరాలు నాలుగేసి అచ్చులతో, అంటే ర, రి, రు, రె అన్నట్టుగా చెక్కి ఉన్నాయి. రాయి చెక్కు చెదరలేదు, అక్షరాలు చదవగలం, గ్రామరాగాల పేర్లు కూడా ఉన్నాయి. కానీ ఆ నాలుగు అచ్చులు దేనిని సూచిస్తాయన్న దానిపై ఏకాభిప్రాయం నేటికీ కుదరలేదు.

5. పేరులోనే అంకె

మేళరాగాల పేర్లకు ముందు చేర్చిన మాటలు సాహిత్య విద్యార్థులను తరచుగా తికమకపెడతాయి. శంకరాభరణానికి 'ధీర' ఎందుకు? తోడికి 'హనుమ' ఎందుకు? కటపయాది సంఖ్యాపద్ధతి తెలిసినవారికి జవాబు వెంటనే దొరుకుతుంది. ధ అంటే 9, ర అంటే 2, తిరగవేస్తే 29. హ అంటే 8, న అంటే 0, తిరగవేస్తే 08. మేచకల్యాణిలో మ 5, చ 6, అంటే 65. మాయామాళవగౌళలో మ 5, య 1, అంటే 15. డెబ్బైరెండు మేళాల పట్టికలో ఆ రాగం స్థానం ఎక్కడో పేరే చెబుతుంది. ఆ అంకె తెలిస్తే స్వరస్థానాలు కూడా లెక్కకు దొరుకుతాయి. 29 అన్నది అయిదవ చక్రంలో అయిదవది కనుక రిషభ గాంధారాలు రి, గు. ధైవత నిషాదాలు ధి, ను. ముప్పైఆరు లోపలిది కనుక మధ్యమం శుద్ధం. క్లెఫ్ అన్న మాటకు తాళంచెవి అనే అర్థం ఇంత అక్షరాలా సరిపోయే ఉదాహరణ పాశ్చాత్య లిపిలో కూడా లేదు. ధీరశంకరాభరణంలో ధీరరసాన్ని వెదికే వ్యాఖ్యానాలు అప్పుడప్పుడు కనిపిస్తూనే ఉంటాయి. అక్కడున్నది రసం కాదు, తొమ్మిదీ రెండూ.

ఇక్కడ గమనించవలసిన మెలిక ఒకటుంది. ఒకే స్థానానికి రెండు సంప్రదాయాలలో రెండు పేర్లున్నాయి. సంగీత సంప్రదాయ ప్రదర్శినిలో 8వది జనతోడి, 65వది శాంతకల్యాణి, 28వది హరికేదారగౌళ, 22వది శ్రీరాగం. నేటి పాఠ్యప్రణాళికలు అనుసరించే పట్టికలో అవి వరుసగా హనుమతోడి, మేచకల్యాణి, హరికాంభోజి, ఖరహరప్రియ. కటపయాదిలో రెండు వరుసల అంకెలూ సరిపోతాయి. అయితే దీక్షితుల గ్రంథాన్ని చదువుతూ 'శ్రీరాగం' అన్న మాట చూసినప్పుడు అది ఒక రాగం పేరా, 22వ మేళానికి పెద్దరికం వహించిన పేరా అన్నది సందర్భాన్నిబట్టి తేల్చుకోవాలి. ఈ తేడాను విస్మరించి శీర్షికలను 'సవరించిన' పునర్ముద్రణ పాఠకునికి సహాయం చేసినట్టు కనిపిస్తుంది. నిజానికి ఏ సంప్రదాయపు ప్రతి అన్న ఆనవాలును చెరిపివేస్తుంది.

6. ముఖారి: జరిగిపోయిన క్లెఫ్

పేర్లు రెండై స్థానం ఒకటైన సందర్భం కన్నా, పేరు ఒకటై స్థానం మారిన సందర్భం ప్రమాదకరం. ముఖారి దీనికి ఉత్తమ నిదర్శనం.

నేటి విద్యార్థికి ముఖారి 22వ మేళంలో పుట్టిన రాగం. రిషభం చతుశ్రుతి, గాంధారం సాధారణం, నిషాదం కైశికి, ధైవతం సందర్భాన్నిబట్టి రెండు తీరులు. శోకానికి పెట్టింది పేరు. విజయనగరంలో అళియ రామరాయల ఆశ్రయంలో రామామాత్యుడు 1550లో రచించిన స్వరమేళకళానిధిలో ముఖారి మొట్టమొదటి మేళం. అందులోని స్వరాలన్నీ శుద్ధస్వరాలు. నేటి లెక్కలో అది 1వ మేళమైన కనకాంగి స్వరస్థానాలకు సరిపోతుంది. వేంకటమఖి నాటికీ ముఖారి శుద్ధస్వరమేళంగానే ఉంది. రెండింటినీ పక్కపక్కన పెడితే షడ్జ మధ్యమ పంచమాలు కదలలేదు, రిషభ గాంధార నిషాదాలు మూడూ అరమెట్టు చొప్పున మీదికి జరిగాయి, ధైవతం రెండు చోట్లా కాలు పెట్టింది. కిటికీ జరిగింది, కిటికీ మీది పేరు జరగలేదు.

తాళ్లపాక కవుల సంకీర్తనలు తిరుమలలోని రెండు వేలకు పైబడిన రాగిరేకుల మీద చెక్కి ఉన్నాయి. వాటిలో స్వరలిపి లేదు, ప్రతి సంకీర్తన తలపై రాగం పేరు మాత్రం ఉంది. ఆ పేర్లలో ముఖారి ఒకటి. అన్నమాచార్యుల జీవితకాలం 1408 నుంచి 1503 వరకు. రామామాత్యుని గ్రంథం ఆయన తరువాత అర్ధశతాబ్దం లోపలే వచ్చింది. నేటి ముఖారికి కాక రామామాత్యుని ముఖారికే రాగిరేకుల ముఖారి కాలంలో చేరువ. శాస్త్రగ్రంథంలోని మేళం వేరు, గాయకుని గొంతులోని రాగం వేరు కావచ్చన్న జాగ్రత్త తప్పక పాటించాలి. శాస్త్రకారులు లోకాన్ని చక్కదిద్ది పట్టికలో కూర్చోబెట్టే స్వభావం కలవారు. అయినా, ఒక సంకీర్తన ముఖారిలో ఉంది కనుక అందులో శోకరసం ఉద్దిష్టమని రాసే సాహిత్య విమర్శ ఏ ముఖారిని ఉద్దేశించి మాట్లాడుతోందో చెప్పవలసి ఉంటుంది. రాగరస సంబంధం మీద వెలువడే సిద్ధాంత గ్రంథాలలో ఈ ప్రశ్న అరుదుగా వినిపిస్తుంది. రాగం పేరు నుంచి నేరుగా రసానికి వెళ్లడం కియవెట్టె గమనించకుండా పాలెస్త్రీనాను రాసిన ఎత్తులో పాడించి, ఆ బిగువును కవి ఆశయంగా వర్ణించడం వంటిది.

తాళ్లపాక వాఙ్మయ పరిష్కర్తలు ఈ విషయంలో పాటించిన పద్ధతి మెచ్చదగినది. తిరుమల తిరుపతి దేవస్థానాల సంపుటాలలో సంకీర్తన రేకు సంఖ్యతో పాటు రేకు మీది రాగనామాన్ని నిలిపారు. ఆ పరిష్కర్తలలో ఒకరైన రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ స్వయంగా సంగీతవేత్త, అనేక సంకీర్తనలకు బాణీలు కూర్చినవారు. కూర్పరిగా తాను చేసిన పనీ, పరిష్కర్తగా రేకులో చూసినదీ వేరన్న ఎరుక ఉన్నవారి చేతిలో శీర్షిక భద్రంగా ఉంటుంది. ఇబ్బంది జనాదరణ పొందిన సంకలనాలతో వస్తుంది. 20వ శతాబ్దంలో కూర్చిన బాణీ ప్రచారంలోకి వచ్చాక, ఆ బాణీ రాగాన్నే శీర్షికలో ముద్రిస్తారు. రేకు మీది రాగం ప్రస్తావన ఉండదు. పాడుకునేవారికి ఇందులో నష్టం లేదు. అటువంటి సంకలనం ఆధారంగా 'అన్నమయ్య రాగప్రయోగం' అని పట్టికలు వేసే పరిశోధకుడు మాత్రం 20వ శతాబ్దపు కూర్పరుల అభిరుచిని లెక్కిస్తున్నాడు.

7. చుక్కల సంగతి

రాగశీర్షిక కన్నా చిన్నదైన మరొక తాళంచెవి స్థాయి చుక్క. తెలుగు అక్షరం మీద తలకట్టు, గుడి ముందే చోటు ఆక్రమించుకుని ఉంటాయి. రి, ని అన్న అక్షరాల మీద గుడిపైన చుక్క పెట్టాలంటే పాత అచ్చుకూటాలలోనూ ఇబ్బందే, నేటి కంప్యూటరు ఖతులలోనూ ఇబ్బందే. ఒక ఖతిలో కూర్చిన స్వరాలను మరొక ఖతిలోకి మార్చేటప్పుడు మొదట రాలిపోయేవి ఈ చుక్కలే. 'స ని ద ప' అని నాలుగు అక్షరాలు చుక్కలు లేకుండా మిగిలితే, అది తారషడ్జం నుంచి మధ్యస్థాయి పంచమానికి దిగడమో, మధ్యషడ్జం నుంచి మంద్రపంచమానికి దిగడమో చెప్పడానికి ఆధారం లేదు. ముందువెనకల సంచారాన్నిబట్టి ఊహించవచ్చు. పాఠపరిష్కరణలో ఊహను ఊహగానే గుర్తించి చూపడం నియమం. పాత సంగీత గ్రంథాలను యూనికోడులోకి మార్చే పని చేపట్టినవారు సాహిత్యభాగంలోని అరసున్నకు ఇచ్చే గౌరవాన్ని స్వరభాగంలోని చుక్కకూ ఇవ్వడం అవసరం. అరసున్న పోతే అర్థం చాలాసార్లు నిలుస్తుంది. చుక్క పోతే స్వరం ఒక స్థాయి దూరం పడిపోతుంది.

8. శీర్షిక లేని సింహగిరి

ఇక సింహగిరి వచనాల వద్దకు తిరిగి రావచ్చు. వీటి కర్త కృష్ణమాచార్యులు కాకతీయ ప్రతాపరుద్రుని కాలానికి చెందినవాడని పలువురు సాహిత్య చరిత్రకారులు భావించారు. రాగతాళాల పేర్లు లేకపోవడం ఇవి శుద్ధవచనాలని వాదించడానికి ఒక వర్గానికి ఆధారమైంది. తాళ్లపాకవారి సంకీర్తన లక్షణ సంప్రదాయంలో ఇటువంటి రచనలను తాళగంధి చూర్ణికలనడం మరొక వర్గానికి ఆధారమైంది. గంధి అంటే వాసన కలది. తాళం వాసన మాత్రమే ఉన్న చూర్ణిక అన్నమాట.

క్లెఫ్ చరిత్ర ఈ చర్చకు ఒక సూచన అందిస్తుంది. గ్విడోకు ముందు ఐరోపా మఠాల ప్రతులలో గీతలు లేకుండా, మాటల మీద చిన్న వంపు గుర్తులు మాత్రమే ఉండేవి. క్లెఫ్ లేదు కనుక అవి పాటలు కావని ఎవరూ అనలేదు. అవి పాట తెలిసినవారికి జ్ఞాపకం చేయడానికి రాసినవి, తెలియనివారికి నేర్పడానికి రాసినవి కావు. శీర్షిక అవసరం అపరిచితుడైన పాఠకునికి. సింహాచలం సన్నిధిలో నోటి నుంచి నోటికి నడిచే రచనకు రాగం పేరు రాసి పెట్టుకోవలసిన అగత్యం ఉండకపోవచ్చు. కాబట్టి శీర్షిక లేకపోవడాన్నిబట్టి గానం లేదని తేల్చడం తర్కానికి నిలవదు. ఉందని తేల్చడమూ అంతే.

పాఠంలోనే మిగిలిన ఆనవాళ్లను చూడడం ఒక్కటే దారి. ఈ వచనాలలో దైవసంబోధన నియమంగా తిరిగి తిరిగి వస్తుంది. ఆ సంబోధనల మధ్య వాక్యఖండాలు ఎన్ని, వాటి మాత్రల సంఖ్య ఏ మేరకు సమానంగా ఉంది, సంబోధనకు ముందు వాక్యం కురుచ అవుతుందా సాగుతుందా అన్నవి లెక్కించదగిన విషయాలు. అవి లయ గురించి కొంత చెబుతాయి. మెట్ల గురించి ఏమీ చెప్పవు. తాళగంధి అన్న మాటలో తాళం ప్రసక్తి ఉండి రాగం ప్రసక్తి లేకపోవడం కూడా ఈ పరిమితికి అనుగుణంగానే ఉంది. ప్రతులన్నింటినీ పోల్చి సంబోధనల స్థానాలను గుర్తించిన పాఠం సిద్ధమైతే, ఆ లెక్క విశాఖలోనే మొదలుపెట్టవచ్చు.